హయరార్కీలో నెట్ ట్రేస్ చేసే స్కిల్ స్క్రిప్ట్: ఎర్రర్ రాదు, గేట్లు కూడా రావు

తీగలాగితే
వర్చువోసోలో (చిప్ డిజైన్ టూల్) ఒక నెట్ (పిన్‌లని కలిపే వైర్) పేరు ఇస్తే, అది హయరార్కీలో (బ్లాక్ లోపల బ్లాక్‌గా ఉండే అంచెల్లో) ఎంత లోతుకి పోయినా సరే, చివరికి ఏయే ట్రాన్సిస్టర్ల గేట్లకి తగులుతోందో లిస్ట్ ఇచ్చే స్కిల్ (ఆ టూల్‌లోని లిస్ప్ తరహా భాష) స్క్రిప్ట్ రాస్తున్నా. పద్ధతి మామూలే. నెట్ తీసుకుని దాని ఇన్‌స్ట్‌టర్మ్స్ (ఇన్‌స్టెన్స్‌ల పిన్‌లకి ఆ నెట్ తగిలే చోట్లు; ఇన్‌స్టెన్స్ అంటే ఒక సెల్‌ని వాడిన ఒక చోటు) మీద లూప్ వేయడం, ప్రతి ఇన్‌స్టెన్స్ మాస్టర్‌లోకి (దాని అసలు సెల్‌లోకి) దిగడం, అక్కడ అదే పేరున్న టర్మినల్ (సెల్ బయటికిచ్చే పిన్) పట్టుకుని దాని నెట్ తీసుకోవడం, మళ్లీ మొదటికి. ఎస్‌రామ్ (మెమరీ) బ్లాక్ మీద వేస్తే ఒక వర్డ్‌లైన్‌కి (ఒక వరస సెల్స్‌ని ఎంచుకునే వైర్‌కి) 256 గేట్లు రావాలి (128 నిలువు వరసలు, సెల్‌కి రెండు యాక్సెస్ ట్రాన్సిస్టర్లు). వచ్చింది సున్నా. కంట్రోల్ బ్లాక్ మీద సగం వస్తున్నాయి, సగం ఏమైపోతున్నాయో తెలీదు. స్క్రిప్ట్ ఎక్కడా ఆగట్లేదు, ఎర్రర్ ఒక్కటీ లేదు, అదే అసలు టెన్షన్. ఎక్కడ వెతకాలి?

అనలాగ్_అక్క
ఇన్‌స్టెన్స్ మీద మాస్టర్ అడిగితే నీకు వచ్చేది సింబల్ వ్యూ (పిన్‌లున్న డబ్బా బొమ్మ), స్కీమాటిక్ (లోపలి సర్క్యూట్ బొమ్మ) కాదు. స్కీమాటిక్‌లో పెట్టేది సింబల్‌నే కదా. సింబల్‌లో టర్మినల్ ఉంటుంది, దానికి నెట్ కూడా ఉంటుంది, కానీ ఆ నెట్‌కి ఇన్‌స్ట్‌టర్మ్స్ ఉండవు. అందుకే లూప్ ఖాళీగా తిరిగి బయటికొస్తుంది. లైబ్రరీ పేరు, సెల్ పేరు తీసుకుని స్కీమాటిక్ వ్యూని విడిగా తెరవాలి.

రాత్రిపని
అక్క చెప్పింది కరెక్ట్. తెరిచేటప్పుడు డీబీఓపెన్‌సెల్‌వ్యూబైటైప్‌కి (సెల్ వ్యూ తెరిచే స్కిల్ ఫంక్షన్) మోడ్ "ఆర్" ఇవ్వండి. "ఏ" ఇస్తే సెల్ ఎడిట్ లాక్ మీ పేరు మీదకి వచ్చేస్తుంది, పక్కన అదే సెల్‌లో పని చేస్తున్నవాళ్లు సేవ్ చేసుకోలేక మీ మీద పడతారు. ట్రేస్ చేయడానికి చదివే హక్కు ఉంటే చాలు.

తీగలాగితే
@అనలాగ్_అక్క స్కీమాటిక్‌నే తెరుస్తున్నా అక్కా. స్కీమాటిక్ వ్యూ లేకపోతే లీఫ్ సెల్ (ఇంక లోపలికి దిగలేనిది) అనుకుని ఆగిపోతుంది. అందుకే సగమైనా వస్తున్నాయి.

లిస్ప్‌ప్రియ
ఎర్రర్ రాకపోవడానికి కారణం చెప్తా. స్కిల్‌లో ~> అనే ఆపరేటర్ నిల్ (ఏమీ లేదు అనే విలువ) మీద వాడితే నిల్ ఇచ్చి ఊరుకుంటుంది, అరవదు. టర్మినల్ దొరక్కపోతే నిల్, దాని నెట్ నిల్, ఆ నిల్ ఇన్‌స్ట్‌టర్మ్స్ నిల్. ఖాళీ లిస్ట్ మీద ఫర్‌ఈచ్ హాయిగా ఒక్కసారి కూడా తిరగకుండా ముగిసిపోతుంది. అంటే మీ స్క్రిప్ట్ ఫెయిలవుతోంది, మీకు చెప్పట్లేదు, అంతే. టర్మినల్ వెతికే లైన్ తర్వాత ఒక చెక్ పెట్టండి: దొరక్కపోతే లైబ్రరీ, సెల్, ఇన్‌స్టెన్స్, టర్మినల్ పేరు నాలుగూ ప్రింట్ చేయమనండి. ఇంకేమీ మార్చకుండా ఇది ఒక్కటి పెట్టి మళ్లీ రన్ చేయండి, మిగతాది ఆ ప్రింట్లే చెప్తాయి.

ఇంకోటి, ఏ ఆబ్జెక్ట్ మీదైనా ~>? కొడితే దానికున్న అట్రిబ్యూట్ల పేర్లన్నీ, ~>?? కొడితే పేర్లూ విలువలూ కలిపి వస్తాయి. మాన్యువల్ తిరగేసే పని చాలా తగ్గుతుంది.

బిట్‌లెక్క
నేను పందెం కాస్తా, బస్‌ల (ఒకే పేరు కింద కట్టిన చాలా బిట్‌ల వైర్లు) దగ్గరే పోతున్నాయి.

తీగలాగితే
@లిస్ప్‌ప్రియ మీరు చెప్పిన చెక్ పెట్టా. స్క్రీన్ నిండిపోయింది. ఎక్కువ భాగం ఇలా ఉన్నాయి: ఇన్‌స్టెన్స్ పేరు ఐ_రో<255:0>, టర్మినల్ డబ్ల్యూఎల్, నేను వెతుకుతున్న నెట్ డబ్ల్యూఎల్<17>. @బిట్‌లెక్క పందెం మీదే.

బిట్‌లెక్క
చూశారా. ఇక్కడ రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి, విడదీసి చూడండి.

ఒకటి, పైన ఇన్‌స్ట్‌టర్మ్‌కి తగిలిన నెట్ డబ్ల్యూఎల్<255:0> అనే బస్. మీకు కావాల్సిన డబ్ల్యూఎల్<17> అందులో ఒక బిట్. రెండు పేర్లనీ స్ట్రింగ్‌లుగా పోలిస్తే ఎప్పటికీ కలవవు. డీబీప్రొడ్యూస్‌మెమ్‌నేమ్‌కి బస్ పేరు ఇస్తే బిట్‌లన్నీ వరసగా విడగొట్టి లిస్ట్ ఇస్తుంది. మీ బిట్ ఆ లిస్ట్‌లో ఎన్నో స్థానంలో ఉందో చూసుకోవాలి. కోణపు బ్రాకెట్లలో ఉన్న అంకె చూస్తే చాలు అనుకోవద్దు, స్థానమే ముఖ్యం. టర్మినల్ ఏ<3:0>కి నెట్ డి<7:4> తగిలిందనుకోండి, ఏ<3>కి వెళ్లేది డి<7>, ఏ<0>కి వెళ్లేది డి<4>. అంకెలతో అంకెలు కలపబోతే డి<7>కి జత దొరకదు. ఇంకా ఘోరం, ఏ<0:3>కి డి<3:0> తగిలిస్తే ప్రతి అంకెకీ జత దొరుకుతుంది, కానీ అన్నీ తప్పు జతలే.

రెండు, ఐ_రో<255:0> అనేది బొమ్మలో ఒక్కటే, లెక్కలో 256 ఇన్‌స్టెన్స్‌లు. టర్మినల్ వెడల్పు ఒక బిట్, నెట్ వెడల్పు 256 బిట్లు. కాబట్టి ఒక్కో ఇన్‌స్టెన్స్‌కి ఒక్కో బిట్ పంచబడుతుంది, ఐ_రో<255>కి మొదటి బిట్, అలా వరసగా. అదే బిట్‌లైన్ (డేటా మోసే నిలువు వైర్) టర్మినల్ చూడండి: టర్మినల్ వెడల్పు 128, నెట్ వెడల్పు కూడా 128. ఇక్కడ పంపకం లేదు, 256 వరసలకీ అదే బస్ మొత్తంగా వెళ్తుంది. సూత్రం ఏంటంటే, నెట్ వెడల్పు టర్మినల్ వెడల్పుకి సమానమైతే అందరికీ ఉమ్మడి. టర్మినల్ వెడల్పుని ఇన్‌స్టెన్స్‌ల సంఖ్యతో గుణిస్తే వచ్చేదానికి సమానమైతే పంపకం. ఈ రెండూ కాకపోతే చెక్ అండ్ సేవ్ (స్కీమాటిక్ సరిచూసి సేవ్ చేసే కమాండ్) అప్పుడే అరిచి ఉండేది.

రాత్రిపని
కామాలతో ఉండే బండిల్స్ మర్చిపోకండి. "ఏ,బి,సి<1:0>" అని ఒకే వైర్ మీద రాసేవాళ్లు ఉంటారు, <*4> పెట్టి ఒకే నెట్‌ని నాలుగుసార్లు రిపీట్ చేసేవాళ్లూ ఉంటారు. రిపీట్ ఉన్నప్పుడు ఒకే బిట్ లిస్ట్‌లో నాలుగు స్థానాల్లో దొరుకుతుంది, మొదటిది దొరగ్గానే ఆగిపోతే మిగతా మూడూ పోతాయి.

కొత్తగా_చేరా
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఇదంతా ఎందుకు, స్కీమాటిక్‌లో నెట్ మీద ప్రోబ్ పెడితే రంగులో కనిపిస్తుంది కదా?

అనలాగ్_అక్క
కనిపిస్తుంది తమ్ముడూ, ఒక నెట్ అయితే అదే సుఖం. వెయ్యి నెట్‌లకి లిస్ట్ కావాలన్నా, "ఈ 1.8 వోల్ట్ కంట్రోల్ సిగ్నల్ ఎక్కడైనా లెవెల్ షిఫ్టర్ (వోల్టేజ్ స్థాయి మార్చే సర్క్యూట్) లేకుండా 3.3 వోల్ట్ డొమైన్ గేట్‌కి తగిలిందా" అని చిప్ మొత్తం చూడాలన్నా కళ్లు సరిపోవు. అక్కడే స్క్రిప్ట్ కావాలి. నేను ఇలాంటిది రాసుకున్నది సరిగ్గా ఆ చెక్ కోసమే. చేత్తో చూసిన రివ్యూలో అందరూ ఓకే అన్న బ్లాక్‌లో అలాంటి గేట్లు బయటపడ్డాయి.

పైథాన్‌పట్టు
నేనొక్కడినే వ్యతిరేకం చెప్పేలా ఉన్నా, చెప్పేస్తా. ఈ పని స్కిల్‌లో చేయడమే అనవసరం. సీడీఎల్ నెట్‌లిస్ట్ (ఏది దేనికి తగిలిందో టెక్స్ట్‌గా రాసిన ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేయండి. బస్‌లు బిట్‌లుగా విడిపోయి వస్తాయి, 256 వరసలు 256 ఎక్స్ లైన్లుగా (ఒక్కో ఇన్‌స్టెన్స్‌కి ఒక లైన్) వస్తాయి, పైన చెప్పిన పంపకాల లెక్కంతా నెట్‌లిస్టర్ చేసి పెట్టేస్తుంది. సబ్‌సర్క్యూట్ (సెల్ నిర్వచనం) లైన్‌లో పోర్ట్‌ల (పిన్‌ల) వరస, ఎక్స్ లైన్‌లో నెట్‌ల వరస, రెండూ జిప్ చేస్తే (వరసగా జత కడితే) మ్యాపింగ్ రెడీ. ప్లస్ గుర్తుతో మొదలయ్యే లైన్లని పై లైన్‌కి అతికించడం, నక్షత్రంతో మొదలయ్యే కామెంట్లు తీసేయడం, గ్లోబల్ లైన్ చదవడం. పార్సర్ వంద లైన్లు దాటదు.

లిస్ప్‌ప్రియ
@పైథాన్‌పట్టు దొరికిన గేట్‌ని స్కీమాటిక్‌లో తెరిచి హైలైట్ చేయాలంటే? నెట్‌లిస్ట్‌లో పేర్లు మారిపోతాయి, కోణపు బ్రాకెట్ల ముందు బ్యాక్‌స్లాష్‌లు వస్తాయి లేదా బ్రాకెట్లే మారతాయి, మళ్లీ వెనక్కి మ్యాప్ చేసుకోవాలి. పైగా స్పైస్ (సర్క్యూట్ సిమ్యులేషన్) వైపు టూల్స్ చాలావరకు చిన్న పెద్ద అక్షరాల తేడా చూడవు, స్కీమాటిక్ చూస్తుంది. ఈఎన్ అనే నెట్ పెద్ద అక్షరాల్లో ఒకటి, చిన్న అక్షరాల్లో ఇంకొకటి ఉన్న బ్లాక్ చూశాను నేను. అలాంటివాళ్లు ఉంటారు, ఏం చేస్తాం.

పైథాన్‌పట్టు
హైలైట్ కావాలంటే ఒప్పుకుంటా, స్కిల్ తప్పదు. లిస్ట్ మాత్రమే కావాలంటే నెట్‌లిస్టే. పేర్ల మ్యాపింగ్ అంత కష్టమేం కాదు.

టేపౌట్_ముందురోజు
ఇద్దరిదీ చేయండి. స్కిల్ ఇచ్చిన లిస్ట్, నెట్‌లిస్ట్ నుంచి వచ్చిన లిస్ట్, రెండూ డిఫ్ కొట్టండి (తేడాలు చూడండి). సమానంగా లేకపోతే మీ స్క్రిప్ట్‌లో ఇంకా ఏదో ఉంది. ఇలా సరిపోల్చకుండా ట్రేస్ స్క్రిప్ట్‌ని నమ్మి సైన్ ఆఫ్ (తుది ఆమోదం) ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు.

తీగలాగితే
@బిట్‌లెక్క స్థానాల లెక్క పెట్టాక వర్డ్‌లైన్‌కి 256 వచ్చాయి! కంట్రోల్ బ్లాక్‌లో మాత్రం ఇంకా తక్కువే. అక్కడ తేడా ఏంటంటే నేను టాప్ నుంచి కాకుండా మధ్య లెవెల్‌లో ఉన్న నెట్ నుంచి మొదలుపెడుతున్నా. బయాస్ సెల్‌లో (మిగతా సర్క్యూట్లకి స్థిర వోల్టేజ్‌లు ఇచ్చే సెల్) వీబీ1 అని పిన్, వీబీ2 అని ఇంకో పిన్. వీబీ1 నుంచి వెతికితే వీబీ2 వైపు ఉన్న గేట్లు రావట్లేదు. ఆ సెల్ లోపల రెండూ కలవవు, నిజమే. కానీ పేరెంట్‌లో (ఆ సెల్‌ని వాడిన పై సెల్‌లో) రెండు పిన్‌లనీ ఒకే వైర్‌కి కలిపారు.

అనలాగ్_అక్క
అదీ సంగతి. నువ్వు కిందికే దిగుతున్నావు, పైకి ఎక్కట్లేదు. నెట్ అనేది ఒక సెల్‌లో అయిపోయేది కాదు. నెట్‌కి టర్మినల్ ఉందంటే ఆ నెట్ బయటికి పోతోందని అర్థం. కాబట్టి ముందు పైకి వెళ్లు: ఈ నెట్‌కి టర్మినల్ ఉందా, ఉంటే పేరెంట్‌లో ఈ ఇన్‌స్టెన్స్‌కి ఆ టర్మినల్ మీద ఏ నెట్ ఉంది, ఆ నెట్‌కీ టర్మినల్ ఉందా, అలా ఎక్కుతూ పో. ఎక్కడ టర్మినల్ లేదో అదే ఆ నెట్‌కి అసలు సొంత లెవెల్. అక్కడినుంచి కిందికి ఒక్కసారి దిగితే వీబీ1, వీబీ2 రెండూ వాటంతట అవే వస్తాయి.

బిట్‌లెక్క
దీనికి సెల్ పేరు, నెట్ పేరు గుర్తుపెట్టుకుంటే సరిపోదు. టాప్ నుంచి వచ్చిన ఇన్‌స్టెన్స్‌ల దారి మొత్తం చేతిలో ఉండాలి, లేకపోతే పైకి ఎక్కాలంటే ఏ పేరెంట్‌లోకి ఎక్కుతారు? బయాస్ సెల్‌ని పది చోట్ల వాడి ఉంటే పది పేరెంట్ నెట్‌లు ఉంటాయి. చూసేసినవాటి టేబుల్‌కి కీ కూడా దారి, నెట్, బిట్ మూడూ కలిపి ఉండాలి. సెల్ పేరు, నెట్ పేరు మాత్రమే కీగా పెట్టిన స్క్రిప్ట్‌లు చాలా చూశా. అదే సెల్ రెండోసారి ఎదురవగానే "ఇది చూసేశాం" అని వదిలేస్తాయి, ఫలితం తగ్గిపోతుంది.

రాత్రిపని
@అనలాగ్_అక్క పైకి ఎక్కి ఒక్కసారి దిగితే చాలన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఫీడ్‌త్రూ ఉంటే? సెల్ లోపల రెండు పిన్‌ల మధ్య బేసిక్ లైబ్రరీలోని సీడీఎస్_త్రూ పెట్టి కలుపుతారు చూడండి. అప్పుడు ఒక పిన్ నుంచి దిగి, లోపల త్రూ దాటి, ఇంకో పిన్ నుంచి మళ్లీ పైకి రావాలి, పేరెంట్‌లో అది వేరే పేరున్న నెట్. ఒక్కసారి దిగే పద్ధతిలో అది పోతుంది. ఎల్‌వీఎస్‌లో (లేఅవుట్‌నీ స్కీమాటిక్‌నీ పోల్చే చెక్) మాత్రం ఆ రెండూ ఒకే నెట్.

అనలాగ్_అక్క
@రాత్రిపని నిజమే, ఫీడ్‌త్రూ ఉన్న డిజైన్‌లో నా పద్ధతి సరిపోదు. మా బ్లాక్‌ల్లో వాటిని అసలు రానివ్వం కాబట్టి అవసరం పడలేదు.

లిస్ప్‌ప్రియ
అయితే రికర్షన్ (ఫంక్షన్ తననే మళ్లీ పిలుచుకోవడం) మానేసి క్యూ (చూడాల్సినవాటి వరస) పెట్టుకోవడం మేలు. మొదటి నెట్‌ని (దారి, నెట్, బిట్) క్యూలో వేయండి. ఒకటి బయటికి తీయండి, టేబుల్‌లో ఉంటే వదిలేయండి, లేకపోతే రాసుకోండి. తర్వాత పైకి ఒక పొరుగు ఉంటే క్యూలో వేయండి, కిందికి ఎన్ని ఉంటే అన్నీ వేయండి, త్రూ ఉంటే అవతలి వైపు వేయండి. క్యూ ఖాళీ అయ్యేదాకా ఇదే. పైకి, కిందికి అని వేరువేరు ఫంక్షన్లు అక్కర్లేదు, ఎన్నిసార్లు ఎక్కి దిగినా టేబుల్ వల్ల చుట్టూ తిరగడం ఉండదు. రెసిస్టర్ దాటి కూడా వెళ్లాలా అన్న ప్రశ్న వచ్చినా ఇందులోనే ఇంకో పొరుగు కలపడమే.

ఫలితాల లిస్ట్‌కి లూప్‌లో అపెండ్ వాడకండి. ప్రతిసారీ ముందున్న లిస్ట్ మొత్తం కాపీ అవుతుంది, పెద్ద బ్లాక్‌లో అదే నత్తనడక. కాన్స్‌తో ముందు చేర్చి చివర్లో రివర్స్ చేయండి, లేదా టీకాంక్ (లిస్ట్ చివర నేరుగా చేర్చే ఫంక్షన్).

పైథాన్‌పట్టు
నెట్‌లిస్ట్ వైపు నుంచైతే దీనికి యూనియన్-ఫైండ్ (కలిసినవాటిని ఒకే గుంపుగా చేర్చే పద్ధతి) అచ్చం సరిపోతుంది. ప్రతి (దారి, నెట్)నీ ఒక సెట్‌గా మొదలుపెట్టి, ప్రతి ఎక్స్ లైన్‌లో పైనెట్‌నీ పోర్ట్‌నీ కలుపుతూ పోవడమే. గాలర్, ఫిషర్ 1964లోనే రాసిన పద్ధతి. ఒక్క నెట్ కాదు, డిజైన్‌లోని నెట్‌లన్నీ ఒకే దెబ్బకి వస్తాయి.

బిట్‌లెక్క
ఫ్లాట్ చేస్తే (హయరార్కీ అంతా విప్పేస్తే) మెమరీ ఎంత తింటుందో కూడా చెప్పండి. 256 వరసలు, 128 నిలువు అంటేనే 32,768 బిట్‌సెల్స్, ఒక్కోదానిలో ఆరు ట్రాన్సిస్టర్లు. ఇది ఒక చిన్న బ్యాంక్ మాత్రమే. ఇలాంటిచోట సెల్‌కి ఒక్కసారే లెక్కేసి దాచుకోవాలి: "ఈ సెల్‌లో డబ్ల్యూఎల్ పిన్ కింద రెండు గేట్లు, వాటి దారులు ఇవి" అని సెల్ నుంచి మొదలయ్యే దారులతో టేబుల్‌లో పెట్టుకుంటే, తర్వాత ప్రతి ఇన్‌స్టెన్స్‌కీ ముందు దారి అతికిస్తే అయిపోతుంది.

రాత్రిపని
అలా దాచుకోవడం సప్లైల (పవర్ నెట్‌ల) దగ్గర దెబ్బ కొడుతుంది, జాగ్రత్త. ఇన్‌హెరిటెడ్ కనెక్షన్స్ (పిన్ లేకుండా పై లెవెల్ నుంచి నెట్ తీసుకునే పద్ధతి) వాడిన సెల్‌లో వీడీడీ అనేది పిన్‌గా ఉండదు, నెట్ ఎక్స్‌ప్రెషన్‌గా ఉంటుంది. పైన ఏదో ఇన్‌స్టెన్స్ మీద నెట్‌సెట్ ప్రాపర్టీ ఉంటే దాని విలువ, లేకపోతే డిఫాల్ట్‌గా వీడీడీ!. అంటే ఒకే ఇన్వర్టర్ సెల్, ఒక దారిలో ఒక సప్లైకి, ఇంకో దారిలో ఇంకో సప్లైకి తగులుతుంది. సెల్‌కి ఒక్కసారి లెక్కేసి దాచుకుంటే రెండో చోట తప్పు సమాధానం వస్తుంది. సిగ్నల్ పిన్‌లకి దాచుకోండి, సప్లైలకి దారి చూసుకునే వెళ్లండి.

తీగలాగితే
మామూలు గ్లోబల్స్ సంగతేంటి? చివర ఆశ్చర్యార్థకం ఉన్నవి.

రాత్రిపని
వాటికి పిన్ అక్కర్లేదు, ఏ లెవెల్‌లో ఆ పేరు కనిపించినా ఒకే నెట్. పేరు చివర ! ఉందేమో చూసి, దారి తీసేసి పేరుతోనే కీ పెట్టుకోండి. కిందికి దిగడానికి మాత్రం పిన్‌లు ఉండవు కాబట్టి హయరార్కీ మొత్తం ఒక్కసారి తిరగాల్సిందే.

కికాడ్_కబుర్లు
వర్చువోసో కాకపోయినా ఇదే కథ. కికాడ్‌లో (సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసే టూల్) ఒకే షీట్ ఫైల్‌ని రెండుసార్లు పెడితే, ఫైల్ ఒక్కటే, సింబల్స్ ఐడీలు ఒక్కటే, కానీ షీట్ దారిని బట్టి ఒకచోట ఆర్5, ఇంకోచోట ఆర్25. లోకల్ లేబుల్ ఆ షీట్‌లోనే, హయరార్కికల్ లేబుల్ షీట్ పిన్ ద్వారా పైకి, గ్లోబల్ లేబుల్స్, పవర్ సింబల్స్ అంతటా. 2021 చివర్లో వచ్చిన వెర్షన్ 6 నుంచి స్కీమాటిక్ ఫైల్ కూడా ఎస్-ఎక్స్‌ప్రెషన్‌లోనే (లిస్ప్ తరహా బ్రాకెట్ల రూపంలో) ఉంటుంది కాబట్టి నేరుగా చదవొచ్చు. కానీ వైర్లు అందులో కోఆర్డినేట్లు మాత్రమే, ఏది దేనికి తగిలిందో మనమే లెక్కకట్టాలి. వెర్షన్ 7 నుంచి కమాండ్ లైన్‌లో నెట్‌లిస్ట్ ఎక్స్‌పోర్ట్ ఉంది, దాన్ని చదువుకోవడం తేలిక.

లిస్ప్‌ప్రియ
అక్కడా బ్రాకెట్లే అన్నమాట. లిస్ప్‌వాళ్లకి ఎక్కడికెళ్లినా చుట్టాలే.

కొత్తగా_చేరా
ఇంకో ప్రశ్న. తగలకుండా వదిలేసిన పిన్‌లు కూడా ఇదే స్క్రిప్ట్‌తో దొరుకుతాయా? ఇన్‌స్టెన్స్ మీద ఇన్‌స్ట్‌టర్మ్స్ అడిగితే అన్నీ కనెక్ట్ అయినవే వస్తున్నాయి.

బిట్‌లెక్క
కనెక్ట్ అయినవాటికే ఇన్‌స్ట్‌టర్మ్ ఉంటుంది, అందుకే. మాస్టర్ టర్మినల్స్ లిస్ట్ తీసుకుని, అందులోంచి ఇన్‌స్ట్‌టర్మ్స్ పేర్లు తీసేయి. మిగిలినవే వదిలేసిన పిన్‌లు. దీనికి సింబల్ మాస్టర్ చాలు, స్కీమాటిక్ తెరవక్కర్లేదు.

టేపౌట్_ముందురోజు
ఒక మాట, ఎవరూ అనలేదు. రన్ చేసే ముందు అన్ని లెవెల్స్‌లో చెక్ అండ్ సేవ్ అయి ఉండాలి. వైర్ గీసి చెక్ చేయకపోతే నెట్‌ల సమాచారం పాతదే ఉంటుంది, స్క్రిప్ట్ చదివేది దాన్నే. కంటికి కనిపించే బొమ్మలో వైర్ ఉంటుంది, లిస్ట్‌లో ఉండదు, ఆ తేడా ఎక్కడిదో పట్టుకోవడానికి పూట పోతుంది.

తీగలాగితే
క్యూ పద్ధతికి మార్చా, కీలో దారి పెట్టా. వీబీ2 వైపు గేట్లు వచ్చేశాయి. @టేపౌట్_ముందురోజు నెట్‌లిస్ట్‌తో డిఫ్ కూడా కొట్టా. ఒక్క బ్లాక్ తప్ప అన్నీ కలిశాయి. ఆ ఒక్క బ్లాక్‌లో నా స్క్రిప్ట్ లోపలికి దిగి గేట్లు ఇస్తోంది, నెట్‌లిస్ట్‌లో మాత్రం ఆ సెల్ అసలు ట్రాన్సిస్టర్ల దాకా పోలేదు.

అనలాగ్_అక్క
కాన్ఫిగ్ వ్యూ (ఏ సెల్‌కి ఏ వ్యూ తీసుకోవాలో చెప్పేది) వాడుతున్నారా? ఆ సెల్‌కి స్కీమాటిక్‌తో పాటు వెరిలాగ్-ఏ (సర్క్యూట్ ప్రవర్తనని కోడ్‌గా రాసే భాష) వ్యూ కూడా ఉందేమో చూడు. నెట్‌లిస్టర్ వ్యూ లిస్ట్‌ని వరసగా చూసి మొదట దొరికినదాన్ని తీసుకుంటుంది, స్టాప్ లిస్ట్‌లో ఉన్న వ్యూ తగిలితే అక్కడే ఆగుతుంది. కాన్ఫిగ్‌లో ఆ సెల్‌కి విడిగా వ్యూ పెట్టి ఉంటే అదే చెల్లుతుంది. నీ స్క్రిప్ట్ మాత్రం ఎప్పుడూ స్కీమాటిక్‌నే తెరుస్తోంది.

తీగలాగితే
ఉంది అక్కా, వెరిలాగ్-ఏ వ్యూ ఉంది. సిమ్యులేషన్ తొందరగా అవ్వాలని ఎవరో కాన్ఫిగ్‌లో దానికి మార్చి వదిలేశారు. ఇప్పుడు ఏది కరెక్ట్ అనుకోవాలి, నాదా నెట్‌లిస్ట్‌దా?

అనలాగ్_అక్క
నీకు కావాల్సింది సిలికాన్ మీదకి వెళ్లే గేట్లు కదా, అయితే నీది. పోల్చడానికి సిమ్యులేషన్ నెట్‌లిస్ట్ వాడకు, ఎల్‌వీఎస్‌కి ఇచ్చే సీడీఎల్ తీసుకో. స్క్రిప్ట్‌కి వ్యూ లిస్ట్, స్టాప్ లిస్ట్ రెండూ ఆర్గ్యుమెంట్లుగా ఇచ్చేలా పెట్టు, ఫలితం ఫైల్‌లో మొదటి లైన్‌గా ఏ లిస్ట్‌లతో రన్ అయిందో రాయించు. తర్వాత ఎవరు ఆ ఫైల్ తెరిచినా మళ్లీ ఈ ప్రశ్న అడగక్కర్లేదు.